బాక్సు తిరిగొచ్చిందా? కడిగే ముందు ఓసారి చూడండి (తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లల క్యారేజీ: సమస్యలు, పరిష్కారాలు)

మా కావలిలో పొద్దున ఏడున్నరకి కట్టిన బాక్సు పిల్లలు పన్నెండున్నరకి తెరుస్తారు, అంటే ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో అన్నం గట్టిపడుద్ది, దోసె సాగుద్ది, పెరుగు పులుస్తుంది, మనం పొయ్యి మీద రుచి చూసింది ఒకటి, వాడి నోట్లోకి పోయేది ఇంకొకటి. "మావాడు ఏదీ తినడండీ" అనేసే ముందు సాయంత్రం తిరిగొచ్చిన బాక్సుని గబుక్కున సింకులో పడేయకుండా ఓసారి మూత తీసి చూడండి, ఎంత మిగిలింది, ఏది మిగిలింది, ఎట్టా మిగిలింది అని. సగం కారణాలు అక్కడే దొరికిపోతాయి, కొత్త రెసిపీలు వెతకడం తర్వాత సంగతి. ఇంకో పని కూడా చెయ్యొచ్చు, ఆదివారం పొద్దున అదే బాక్సు అట్టాగే కట్టి గట్టు మీద పెట్టి పన్నెండున్నరకి మీరే తినండి. చాలామందికి రెండో ముద్దకే అర్థమైపోద్ది.

సమస్య: కట్టింది కట్టినట్టే తిరిగొచ్చింది, వేలు కూడా పెట్టలా

ఇది తిండి సమస్య కాకపోవచ్చు, ముందు మూత చూడండి. పొగలు కక్కే అన్నం పెట్టి వెంటనే గట్టిగా బిగించేస్తే లోపల ఆవిరి చల్లారి నీళ్ళవుద్ది, లోపల ఒత్తిడి తగ్గి బయట గాలి మూతని లోపలికి నొక్కేస్తుంది, పెద్దోళ్ళమే గుడ్డ పట్టి తిప్పుతాం, ఆరేళ్ళ పిల్లకి ఎక్కడొస్తది. క్లాసులో టీచర్ని అడగాలంటే సిగ్గు, పక్కోడిని అడిగితే నవ్వుతాడని భయం, అట్టాగే మూసి తెచ్చేస్తారు, ఇంటికొచ్చి "ఆకలి కాలా" అంటారు. "ఎందుకు తినలేదు" అని అడిగితే నిజం రాదు, "మూత ఎవరు తీశారు నాన్నా" అని అడిగి చూడండి.

అన్నం ప్లేట్లో పరిచి ఓ ఐదు నిమిషాలు ఆవిరి పోనిచ్చి కట్టండి, మూత బిగించాక పిల్ల చేతికే ఇచ్చి తీయమనండి, తీయలేకపోతే ఆ బాక్సు స్కూలుకి పనికిరాదు, ఎంత ఖరీదైందైనా సరే. వేడి నిలిపే ఫ్లాస్కు లాంటి బాక్సు అయితే లెక్క వేరు, అందులో సలసల కాగే నీళ్ళు పోసి ఓ పది నిమిషాలుంచి పారబోసి, అన్నం మంచి వేడి మీదే పెట్టాలి, లేకపోతే గోరువెచ్చగా మిగిలి తొందరగా పాడవుద్ది. దాని మూత పిల్లలు తీయగలరా లేదా అన్నది మాత్రం ఇంట్లోనే చూసుకోండి.

మూత బాగానే ఉంటే రెండో అనుమానం పదిన్నర ఇంటర్వెల్ మీద. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఓ పెద్ద గ్లాసు పాలు, ఇంటర్వెల్లో బిస్కెట్ ప్యాకెట్టు, ఇంక పన్నెండున్నరకి ఆకలి ఎక్కడినుంచొస్తది? ఇంటర్వెల్‌కి జామకాయ ముక్కలో కీరదోసకాయో పెట్టి చూడండి, ఓ వారంలో తేడా కనపడుద్ది.

సమస్య: సగం తిని సగం తెచ్చింది

ఇది సమస్యే కాదు చాలాసార్లు. మనం పెట్టేదే ఎక్కువ, వాళ్ళకిచ్చే టైమేమో తక్కువ, అందులో సగం కబుర్లకి పోద్ది. పెట్టేది తగ్గించండి, ఖాళీ బాక్సు తెచ్చిన పిల్ల ముఖం వేరేగా ఉంటది. అమ్మమ్మలు ఒప్పుకోరు అనుకోండి, "బిడ్డకి ఇంతేనా" అంటారు, సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఓ ప్లేటు అన్నం పెట్టమని ఆ పని వాళ్ళకే అప్పజెప్పండి.

సమస్య: అన్నం ఉండలు కట్టి గట్టిగా మిగిలింది

కారణం: వండినప్పుడు మెత్తబడిన పిండిపదార్థం చల్లారే కొద్దీ మళ్ళీ బిగుసుకుంటది, ఫ్రిజ్‌లో అయితే ఇంకా తొందరగా. పాత బియ్యం పొడిపొడిగా వస్తాయి, చూడ్డానికి బాగుంటాయి గానీ నీళ్ళు చాలకపోతే మధ్యాహ్నానికి గింజ గింజ గుచ్చుకుంటది. కొత్త బియ్యమైతే ముద్దవుద్ది. బీపీటీ తిన్నా నెల్లూరు మసూరి తిన్నా ఇదే కథ.

పరిష్కారం: బాక్సు అన్నానికి మామూలు కంటే కాస్త నీళ్ళెక్కువ పోసి మెత్తగా వండండి, వేడి మీదే నెయ్యి గానీ నూనె గానీ కలపండి. పిల్లలకి కలిపిన అన్నమే పెట్టండి, అన్నం ఒక గిన్నె కూర ఒక గిన్నె పెట్టి కలుపుకోమంటే వాళ్ళ చేతులకి అది పెద్ద పని. పప్పన్నం అయితే ఇంట్లో తినే దానికన్నా జారుగా కలపాలి, పప్పు కూడా చల్లారితే చిక్కబడుద్ది గదా. నిమ్మకాయ పులిహోర మన దగ్గర అందరికీ కలిసొచ్చే వంట, పొదలకూరు వైపు నిమ్మతోటలు ఉండనే ఉన్నాయి, పులుపుకి అన్నం కాస్త నిలవ కూడా ఉంటది, కాకపోతే రసం పొయ్యి మీద పోయొద్దు, చేదొస్తది, దించి చల్లారాక పిండండి.

ఒక్క హెచ్చరిక. రాత్రి మిగిలిన అన్నం బయటే వదిలేసి పొద్దున పోపేసి కట్టడం మానేయండి, ముఖ్యంగా ఎండాకాలం. అన్నంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో గంటలు గంటలు ఉంటే పెరిగి విషం వదుల్తాయి, ఆ విషం మళ్ళీ వేయించినా పోదు. మిగిలితే రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేయండి, పొద్దున పొగలొచ్చేదాకా వేడి చేయండి.

సమస్య: దోసె అట్టముక్కలా తయారైంది

పల్చటి దోసెకి ఐదు గంటల ఆయుష్షు లేదు, అది పెనం మీద నుంచి ప్లేట్లోకి దిగాల్సిన వంట. మూత కింద ఆవిరికి ముందు తడిసిపోయి తర్వాత తోలులా సాగుద్ది. మందంగా చిన్న చిన్న అట్లు పోసి, నూనె కాస్త ఎక్కువేసి, చల్లారాక ముక్కలు కోసి పెట్టండి. ఇడ్లీ ముక్కలకి నువ్వుల నూనె, పప్పుల పొడి పట్టించి పెడితే చట్నీ గొడవ కూడా లేదు, పులిసిపోద్దనే భయమూ లేదు. గుంత పొంగణాలు ఇంకా మంచివి, చేత్తో తీసుకుని ఆడుకుంటూ తినేస్తారు, పిండిలో క్యారెట్ తురుము వేసినా పెద్దగా పట్టించుకోరు. నెల్లూరు కారం దోసె మాత్రం మనం తిందాం, వాళ్ళకి వద్దు.

సమస్య: నీళ్ళ బాటిల్ ఖాళీ, బాక్సు నిండా

కారం ఎక్కువైందని అర్థం. మన జిల్లాల్లో "కొంచెం కారం" అంటే బయటోళ్ళకి కళ్ళల్లో నీళ్ళు, అది మనకి తెలియదు, అలవాటైపోయింది. నీళ్ళు తాగితే కారం పోదు, కారంలో ఉండే పదార్థం నీళ్ళలో కరగదు, పాలూ పెరుగూ అయితే తగ్గిస్తాయి. కూర కారం వేయకముందే వాళ్ళ వాటా తీసి పక్కన పెట్టి ఉప్పు, మిరియాల పొడి చిటికెడు చాలు. ఏడాదికోసారి కాస్త కాస్త పెంచుకుంటూ పొండి, తొందరేం లేదు.

సమస్య: పెరుగన్నం వాసన చూసి మూసేశాడు

మార్చి వచ్చిందంటే ఇది అందరి ఇళ్ళలో. పెరుగులో ఉండే బాక్టీరియాకి మన ఎండ బాగా నచ్చుద్ది, పన్నెండు లోపే పులిసి కూర్చుంటది. పొద్దున మొత్తం పెరుగే కలపొద్దు. మెత్తగా వండిన అన్నం గోరువెచ్చగా అయ్యాక కాచి చల్లార్చిన పాలు పోసి మెదిపి, ఒక్క చెంచా తియ్యటి పెరుగు వేసి కలపండి, చూడ్డానికి పల్చగా పాయసంలా ఉంటది, వాడు తినే టైముకి తోడుకుని కమ్మటి పెరుగన్నం అయిపోద్ది. ఎండ మరీ ముదిరితే ఆ చెంచా అర చెంచా చేయండి. అన్నం పొగలుకక్కే వేడి మీద ఉన్నప్పుడు మాత్రం పెరుగు వేయొద్దు, తోడుకోదు. పైన దానిమ్మ గింజలు చల్లితే ఏరుకుని తినడానికైనా మూత తీస్తారు. ఒంటిపూట బడులు మొదలైతే ఎటూ మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తారు, అప్పుడు బాక్సులో చిరుతిండి చాలు, అలసంద వడలో బెల్లం అట్లో.

సమస్య: అన్నం తినేసి కరివేపాకు, ఉల్లిపాయ, ఆవాలు అన్నీ మూతలో వరసగా పేర్చి తెచ్చింది

మా అక్క కూతురు ఒంగోలులో ఈ విద్యలో ఆరితేరింది. రెండు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకి కొత్తవంటే అనుమానం, నోటికి వేరుగా తగిలింది ఏదైనా తీసేస్తారు, అది పొగరు కాదు, ఆ వయసు అంతే. పోపు గింజలు తగ్గించండి, కరివేపాకు వేయించి పొడి కొట్టి వేయండి, ఉల్లిపాయ తురమండి. ఇది ఈ రోజుకి గడిచే మార్గం. కానీ అన్నీ రుబ్బి దాచిపెట్టడమే అలవాటు చేస్తే బెండకాయ బెండకాయలా ఎప్పటికీ తినరు, పైగా ఒకసారి దొరికిపోతే ఆ తర్వాత ప్రతి ముద్దనీ విప్పి చూస్తారు. కొత్త కూరని పది పదిహేను సార్లు చూస్తే గానీ కొందరు పిల్లలు నోట్లో పెట్టరు, మనం మూడోసారికే "వీడికి ఇష్టం లేదు" అని ముద్రేసేస్తాం. కొత్తది ఇంట్లో రాత్రి భోజనంలో ఒక్క ముక్క ప్లేటు పక్కన పెట్టండి, తినమని బతిమాలొద్దు, తినలేదని తిట్టొద్దు. బాక్సు మాత్రం ప్రయోగాలకి కాదు, అందులో వాళ్ళకి తెలిసినవే పోవాలి.

సమస్య: రోజూ అదే కావాలంటాడు

పప్పన్నం అంటే పప్పన్నమే, నెల రోజులైనా. పోనివ్వండి, కాకపోతే మెల్లగా పక్కకి జరపండి: వట్టి పప్పు, తర్వాత అదే పప్పులో నాలుగాకులు పాలకూర, తర్వాత దోసకాయ పప్పు, మామిడికాయ పప్పు. పులిహోర మాత్రమే తినేవాళ్ళకి కొబ్బరన్నం, అక్కడి నుంచి టమాటా అన్నం. గుడ్డు తినేవాళ్ళకి గుడ్డన్నం, కాకపోతే గుడ్డు ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా వలయం కట్టి గంధకం వాసన కొడుద్ది, ఆ వాసనకే పక్క పిల్లలు ముక్కు మూసుకుంటే ఇంక మనోడు జన్మలో గుడ్డు తీసుకెళ్ళడు. పది నిమిషాలు ఉడకబెట్టి వెంటనే చల్లటి నీళ్ళల్లో వేయండి. చేపల పులుసు నెల్లూరు పరువే గానీ బాక్సులోకి వద్దు, ముళ్ళు తీసిపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు అక్కడ.

పండ్లు నల్లబడితే

యాపిల్ కోశాక గాలి తగిలి రంగు మారుద్ది, ఉప్పు వేసిన నీళ్ళల్లో ఓ నిమిషం ముంచి తీస్తే ఆగుద్ది. ఉలవపాడు మామిడికాయలు స్కూళ్ళు తెరిచే టైముకి అయిపోవస్తాయి, సపోటా అయితే గింజ తీసి పెట్టండి. ద్రాక్ష నిలువుగా చీల్చండి, ఐదేళ్ళలోపు పిల్లలకి గుండు శనక్కాయ గింజలు కూడా వద్దు, గొంతుకడ్డం పడతాయి, పొడి చేసి అన్నంలో కలపండి.

డాక్టర్‌కి చూపించాల్సినవి

బరువు పెరగకపోవడం, తగ్గడం, తినేటప్పుడు పొలమారడం, ముఖం పాలిపోయి ఉండటం, ఇంకా ముఖ్యంగా బలపాలు, సున్నం, మట్టి తినడం. ఆఖరిది చాలామంది చిలిపి అనుకుంటారు, రక్తంలో ఐరన్ తక్కువైన పిల్లల్లో ఇది మామూలు, రక్తపరీక్ష చేయించండి. స్కూళ్ళలో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో నులిపురుగుల మాత్ర వేస్తారు, ఆ రోజు బడి ఎగ్గొట్టించొద్దు.

సమస్య: ఇంట్లో అదే వంట లొట్టలేసుకుంటూ తింటాడు, బాక్సులో మాత్రం ఏది పెట్టినా వద్దు

మూత లోపలి రబ్బరు రింగు తీసి వాసన చూడండి. పోయిన వారం పులుసు, మొన్నటి గుడ్డు, నిన్నటి పెరుగు అన్నీ దాంట్లోనే ఉంటాయి, మూత తీయగానే ఆ వాసనే ముందు కొడుద్ది. రింగు చెంచా వెనకతో లేపి తీసి, గోరువెచ్చని నీళ్ళల్లో వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున బ్రష్‌తో రుద్ది ఎండలో ఆరేయండి, మధ్యలో ఒకరోజు వేరే బాక్సు వాడండి. అయినా వాసన పోకపోతే రింగు మార్చేయండి, స్టీలు సామాను కొట్లో అడిగితే సైజు చూసి ఇస్తారు.