ధనుష్కోటికి కారులో వెళ్లే ముందు

పెట్రోలు, మంచినీళ్లు రామేశ్వరంలోనే నింపుకోండి. అక్కడి నుంచి ధనుష్కోటి దాటాక నేల ముగిసే కొన అయిన అరిచల్ మునై దాకా సుమారు 20 కిలోమీటర్ల దారిలో బంకు దొరకదు. మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్లు, టోపీ ఉండాలి. నీడ దాదాపు ఉండదు.

సాయంత్రం చీకటి పడకముందే చెక్‌పోస్టు దగ్గర వాహనాలను ఆపేస్తారు, లోపలున్నవాళ్లను పంపించేస్తారు. కాబట్టి ఉదయమే బయల్దేరడం అన్నిటికన్నా మంచిది.

కారును తారురోడ్డు దింపకండి. పైన గట్టిగా కనిపించినా కింద ఇసుక వదులుగా ఉంటుంది. చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, ఇంకా లోతుకు పోతుంది. టైరు ముందూ వెనకా ఇసుక తీసి, గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, కింద మ్యాట్లు పరిచి మెల్లగా కదిలించండి. తారు మీదికి రాగానే మళ్లీ గాలి కొట్టాలి. అందుకే చిన్న పంపు తప్పనిసరి.

సముద్రంలోకి దిగొద్దు. ముఖ్యంగా కొన దగ్గర రెండు వైపుల ప్రవాహాలు కలుస్తాయి, ఒడ్డు హఠాత్తుగా లోతైపోతుంది. ఈత వచ్చినా అంతే.

1964 డిసెంబరు తుపానులో ఊరు పోయింది. పంబన్ నుంచి వస్తున్న రైలు కూడా ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. మిగిలిన చర్చి, రైల్వేస్టేషను గోడలు ఉప్పుగాలికి గుల్లబారాయి. ఎక్కకండి, ఆనుకుని ఫొటోలు దిగకండి, రాయి ముక్క కూడా తీయకండి.

శ్రీలంక దగ్గరే కనుక ఫోనులో రోమింగ్ ఆపేయండి. తిరిగొచ్చాక కారు అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించండి, లేకపోతే ఉప్పుకు తుప్పు పడుతుంది.