తాటాకింటి కవితను విశ్లేషించడం ఎలా?

పేదవాళ్ళ ఇళ్ళ గురించిన కవితను విశ్లేషించమని అడిగినప్పుడు చాలామంది విద్యార్థులు మొదటి వాక్యంలోనే ‘మొక్కవోని ధైర్యం’, ‘మానవ సంకల్పం’ వంటి పెద్ద మాటలు రాసేసి, ఆ తరువాత ఆ మాటలకు సరిపడే పంక్తుల కోసం కవితలో వెతుకుతారు. నా సలహా దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ముందు ఆ ఇల్లు దేనితో కట్టినదో తెలుసుకోవాలి, ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారో చూడాలి. ధైర్యం గురించి రాయవలసింది ఏమైనా ఉంటే అది ఆ పనుల్లోంచే రావాలి. ఈ పద్ధతిని చూపడానికి, కృష్ణా తీరంలోని ఒక తాటాకు పాకను మనసులో పెట్టుకుని, ఒక చిన్న వచన కవితను ఇక్కడ రాశాను.

గాలి వెళ్ళిపోయింది.
కప్పిన తాటాకు ఎక్కడా లేదు,
నిట్రాడు ఒక్కటే వంగి నిలబడింది.
అమ్మ దాని చుట్టూ పాత చీర కట్టింది,
లోపల తమ్ముడు నిద్రపోయాడు.
చూరులో దోపిన కొడవలి
బురదలో దొరికింది.
దాన్ని కడుక్కుని నాన్న
ఎవరిదో తాటితోపు వైపు నడిచాడు.
వచ్చే కార్తీకం దాకా
ఇది ఇల్లే.

మొదట పెన్ను పట్టుకోకుండా రెండు మూడు సార్లు పైకి చదవండి. తరువాత కవితలో జరిగినదాన్ని అలంకారం లేని నాలుగు వాక్యాల్లో రాయండి: గాలివానకు పాక కూలింది, తల్లి చీరతో మరుగు కట్టింది, చిన్నపిల్లవాడు నిద్రపోయాడు, తండ్రి తాటాకు కోసం బయలుదేరాడు. ఈ తాత్పర్యం రాయడం చిన్నతనం అనుకోకూడదు. తాత్పర్యంలో రాయగలిగింది ఏమిటో, రాయలేక వదిలేసింది ఏమిటో తేలితేనే విశ్లేషించవలసిన చోటు కనబడుతుంది. ఇక్కడ చివరి రెండు పంక్తులు తాత్పర్యానికి లొంగవు కాబట్టి వాటి పక్కన గుర్తు పెట్టుకుని ముందుకు సాగండి.

ఇప్పుడు వస్తువుల దగ్గరికి రండి. పట్నంలో పుట్టిన పాఠకుడికి నిట్రాడు ఒట్టి మాటే కావచ్చు. పాక మధ్యలో నిలబడి కప్పు బరువును మోసే గుంజను నిట్రాడు అంటారు. వాసాలు, వాటి మీద పరిచిన తాటాకు చివరికి దాని మీదే ఆధారపడతాయి. అది విరిగితే పాక లేదు; వంగినా నిలబడితే ఇంటిని మళ్ళీ నేయవచ్చు. ఈ సంగతి తెలిసిన తరువాత ‘వంగి నిలబడింది’ అన్నది జాలిగొలిపే దృశ్యంగా మాత్రమే మిగలదు. ఏది పోయిందో, ఏది మిగిలిందో లెక్క చూసుకుంటున్న మనిషి చూపు అందులో ఉంది. చూరులో కొడవలి దోపుకోవడం కూడా అలవాటు తెలిసిన వాళ్ళకే పట్టుబడుతుంది. విడిగా సామాను పెట్టుకునే చోటు లేని పాకలో పనిముట్టుకు చూరే గూడు. కప్పు ఎగిరిపోయినప్పుడు పనిముట్టు కూడా దానితో పోయిందన్నమాట.

వస్తువుల తరువాత క్రియలను వరుసగా రాసుకోండి. కవితలో మొదటి పని గాలిది, తరువాతి పనులు మనుషులవి: కట్టింది, నిద్రపోయాడు, కడుక్కున్నాడు, నడిచాడు. ఏడ్చింది, కుంగిపోయాడు అన్న మాట ఒక్కటీ లేదు. వీటిలో ‘కట్టింది’ దగ్గర ఎక్కువసేపు ఆగమంటాను. తెలుగులో ఇల్లు కడతాం, చీర కడతాం, ఉయ్యాల కడతాం. మూడింటికీ క్రియ ఒక్కటే. వంగిన నిట్రాడు చుట్టూ తల్లి పాత చీర కట్టినప్పుడు, చీరకు అలవాటైన క్రియ చప్పుడు చేయకుండా ఇంటి క్రియగా మారిపోతుంది. లోపల బిడ్డ నిద్రపోతున్నాడు కాబట్టి ఉయ్యాల కూడా గుర్తుకు వస్తుంది. ‘అమ్మ గోడ కట్టింది’ అని రాసి ఉంటే అది కేవలం రూపకం అయ్యేది, ఈ మూడు అర్థాలూ ఒకచోట చేరేవి కావు. ఒక మాట మన భాషలో ఇంకా ఎక్కడెక్కడ వాడుకలో ఉందో గుర్తు చేసుకోవడం విశ్లేషకుడికి నిఘంటువు కంటే ఎక్కువ సాయం చేస్తుందని నా అనుభవం.

ఆ తరువాత కవి చెప్పకుండా వదిలినదాన్ని వెతకండి. కవితలో పేదరికం అన్న మాట లేదు, కానీ ‘ఎవరిదో’ ఉంది. తాటాకు కావాలంటే ఇంకొకరి తోపుకు వెళ్ళాలి, అంటే తండ్రికి తనదంటూ ఒక తాటిచెట్టు కూడా లేదు. ఆయన చేతిలో ఉన్నది తాటాకు నరికే కత్తి కాదు, కోత కొడవలి అన్నది కూడా గమనించండి. కృష్ణా డెల్టాలో వరి కోతలు, తుఫానులు వచ్చే రోజులు దాదాపు కలిసే ఉంటాయి. కోతకు వెళ్ళవలసిన కొడవలి తాటితోపుకు వెళుతోందంటే చేలో కోయడానికి ఏమీ మిగిలి ఉండకపోవచ్చు. పంట సంగతి కవితలో ఎక్కడా లేదు కనుక దీన్ని నిశ్చయంగా కాక, ‘సూచన ఉంది’ అనే రాయాలి.

గుర్తు పెట్టుకున్న చివరి పంక్తులకు ఇప్పుడు వెళదాం. మన అలంకారశాస్త్రం ఇక్కడ నేరుగా పనికి వస్తుంది. ‘గంగలో గొల్లపల్లె’ అన్న పాత ఉదాహరణ సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. నీటి మీద పల్లె ఉండలేదు కాబట్టి మాటలకు నేరుగా ఉన్న మొదటి అర్థం, అంటే వాచ్యార్థం, అడ్డుపడుతుంది, అప్పుడు ‘గంగ ఒడ్డున’ అన్న లక్ష్యార్థం వస్తుంది, ఆ పైన చల్లదనం, పవిత్రత వ్యంగ్యంగా, అంటే చెప్పకుండానే సూచనగా, స్ఫురిస్తాయి. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడనే ఆలంకారికుడు కావ్యానికి ఆత్మ అన్న ధ్వని ఈ స్ఫురణే. ‘ఇది ఇల్లే’ అన్న వాక్యానికి దీన్ని అన్వయించి చూడండి. కప్పు లేదు, గోడ లేదు, కాబట్టి ఇల్లు అన్న మాట వాచ్యార్థంలో నిలవదు. మనవాళ్ళు కలిసి ఉన్న చోటు అన్నది లక్ష్యార్థం. ‘ఇల్లే’లోని ఏకారం, ఎవరో ఇది ఇల్లు కాదన్నట్టు, దానికి ఎదురు సమాధానం చెబుతున్నట్టు వినిపిస్తుంది. ఆ పట్టుదలే వ్యంగ్యార్థం. పైగా ఆ వాక్యంలో క్రియ లేదు. అంతవరకూ పనులతో నడిచిన కవిత అక్కడ ఆగి, నిలబడుతుంది.

అయితే దాని ముందున్న ‘దాకా’ను వదిలేసి ‘ఇల్లే’ను ఒక్కదాన్నే మెచ్చుకుంటే విశ్లేషణ తప్పుదారి పడుతుంది. ఇది చాలా ముఖ్యం అనుకుంటున్నాను. మాట్లాడుతున్న మనిషికి వచ్చే కార్తీకంలో మళ్ళీ ఇదే జరుగుతుందని తెలుసు. అందుచేత ఇది విజయగీతం కాదు. పేదవాళ్ళు ఎన్ని దెబ్బలైనా తట్టుకుంటారని పొగడటం, వాళ్ళకు గట్టి ఇల్లు లేకపోవడాన్ని ఒప్పుకోవడంగా మారడానికి ఎంతో దూరం పట్టదు. వాళ్ళ ఓర్పును గుర్తిస్తూనే, ఆ ఓర్పు ప్రతి ఏడూ ఎందుకు అవసరమవుతోందన్న ప్రశ్నను కూడా మీ వ్యాసంలో ఉంచండి.

కంఠస్వరం గురించి రెండు మాటలు చాలు. అమ్మ, నాన్న, తమ్ముడు అంటున్నారు కాబట్టి మాట్లాడేది ఇంటి పెద్దబిడ్డ. తమ్ముడు నిద్రపోయాడని చెప్పగలిగిన ఆ బిడ్డ మేలుకునే ఉందని పాఠకుడు తనంతట తాను గ్రహించాలి. పంక్తి విరుపుల్లో కూడా ఒక్కటి చూపితే సరిపోతుంది: ‘కొడవలి’ దగ్గర పంక్తి ఆగడం వల్ల, అది దొరికిందో లేదో తెలియని ఒక క్షణం ఏర్పడుతుంది.

నేపథ్యాన్ని చివరికి ఉంచమనడానికి కారణం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది చనిపోయారు. అది కార్తీక మాసమే. తీరప్రాంతపు తెలుగు పాఠకుడికి కార్తీకం, గాలి అన్న మాటలు పక్కపక్కన కనబడితే దీపాలతో పాటు ఆ ఉప్పెన కూడా గుర్తుకు రావచ్చు. కాని కవితలో సంవత్సరం లేదు, ఊరు లేదు, చనిపోయినవాళ్ళు లేరు. చరిత్రను ముందే చదివి వస్తే ఆ ఉప్పెననే కవిత మీద రుద్దుతాం. పంక్తులను చదివిన తరువాత వస్తే, కార్తీకం అన్న మాట ఎంత బరువు మోస్తోందో చూపడానికి ఆ చరిత్ర పనికి వస్తుంది.

వ్యాసం పూర్తయ్యాక ప్రతి వాక్యాన్నీ ఇంకొక కవిత పక్కన పెట్టి చూడండి. ‘కవి పేదల కష్టాలను హృద్యంగా చిత్రించారు’ అన్న వాక్యం దేనికైనా సరిపోతుంది, కాబట్టి దాన్ని కొట్టివేయండి. ‘ఎవరిదో అన్న ఒక్క మాటతో ఆ కుటుంబానికి నేల లేదని తెలుస్తుంది’ అన్న వాక్యం ఈ కవితకు తప్ప మరొకదానికి అతకదు. దాన్ని ఉంచి, దాని కింద ఆ పంక్తిని ఉన్నదున్నట్టు ఉదహరించండి.