సీనియర్ హైస్కూల్ తొలి నెలలు: చదివే పద్ధతిని మార్చుకోవడం ఎలా?

పదో తరగతి వరకు మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులు సైతం పదకొండో తరగతి మొదటి పరీక్షలో ఒక్కసారిగా వెనకబడటం తరచూ కనిపిస్తుంది. తమకు తెలివి చాలదేమోనని కుంగిపోయే ఆ పిల్లలను చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే చాలామంది విషయంలో చాలనిది తెలివి కాదు, అంతవరకు సరిపోయిన చదివే పద్ధతి. దానిని మొదటి రెండు నెలల్లోనే మార్చుకోగలిగితే తర్వాతి రెండేళ్లు ఎంతో తేలికపడతాయి.

ముందుగా పాఠాల్లో వచ్చిన మార్పును గుర్తించండి. సైన్సు తీసుకున్నవారికి భౌతికశాస్త్రంలో సదిశలు (పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశులు), వేగాన్ని అవకలజంగా, అంటే కాలంతో స్థానం మారే రేటుగా రాయడం తొలి అధ్యాయాల్లోనే ఎదురవుతాయి. గణితం తరగతిలో ఆ రేటును కనుక్కునే పద్ధతి, అంటే అవకలనం మొదలయ్యేది చాలాచోట్ల ఆ తర్వాతే. ఈ ఎడం వల్ల లెక్క అర్థం కానప్పుడు, భౌతికశాస్త్రమే తమకు రాదని పిల్లలు అనుకుంటారు. త్రికోణమితి నిష్పత్తులు, సదిశల కూడిక, ఘాత ప్రమేయాల (xⁿ వంటివాటి) అవకలన సూత్రం, ఈ మూడింటిని మొదటి వారాల్లోనే విడిగా సాధన చేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది. చరిత్ర, అర్థశాస్త్రం వంటివి ఎంచుకున్నవారికి మార్పు మరోలా ఉంటుంది: కారణాలను వరుసగా రాస్తే సరిపోయే ప్రశ్నల స్థానంలో, వాటిలో ఏది ముఖ్యమైనదో ఆధారాలతో నిరూపించమనే ప్రశ్నలు వస్తాయి.

ఇక అసలు పద్ధతి. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం వల్ల అంతా వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది కానీ, అది ఎక్కువకాలం నిలవదు. 2006లో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవారే మెరుగ్గా రాశారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం చూడకుండా గుర్తుతెచ్చుకుని రాయడం సాధన చేసినవారిదే పైచేయి అయింది. అందువల్ల ప్రతి సాయంత్రం పుస్తకం మూసి, ఆనాటి పాఠంలో గుర్తున్నదంతా తెల్లకాగితంపై రాసి, ఆ తర్వాతే పుస్తకంతో పోల్చి చూసుకోండి. మొదటి రోజుల్లో కాగితం సగం కూడా నిండకపోవచ్చు. నిండని ఆ భాగమే మర్నాడు ఉపాధ్యాయుణ్ని అడగవలసిన ప్రశ్నలను చూపిస్తుంది. "అర్థం కాలేదండీ" అనే మాట కంటే "ఈ మూడో మెట్టులో గుర్తు ఎందుకు మారిందండీ" అనే ప్రశ్నకు చాలా మంచి సమాధానం దొరుకుతుంది.

నిద్రను తగ్గించి చదువును పెంచుకోవాలన్న ఆలోచన ఈ వయసులో ముఖ్యంగా హానికరం. యౌవనారంభంలో శరీర గడియారం సహజంగానే వెనక్కి జరగడం వల్ల రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది, కానీ 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు సూచిస్తున్నారు. బడి వేళను మనం మార్చలేం కనుక, పడుకోవడానికి గంట ముందే ఫోన్‌ను వేరే గదిలో పెట్టడం నాకు తెలిసినంతలో ఆచరించదగిన ఉపాయం.

స్నేహాల గురించి తొందర అవసరం లేదు. సందేహాన్ని సంకోచం లేకుండా పంచుకోగల ఒక్కరు తోడున్నా తొలి నెలలకు చాలు.

మొదటి పరీక్ష జవాబు పత్రం చేతికి రాగానే మార్కులు చూసి మడిచిపెట్టకండి. పోయిన ప్రతి మార్కు పక్కన, విషయం తెలియక పోయిందా, తెలిసినా గుర్తురాక పోయిందా, సమయం చాలక పోయిందా అని రాసుకోండి. మొదటిదానికి పాఠం మళ్లీ నేర్చుకోవాలి, రెండోదానికి తెల్లకాగితం సాధన పెంచాలి, మూడోదానికి గడియారం ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నలు రాయాలి. ఇంత చేసినా ఒక సబ్జెక్టుపై ఏమాత్రం ఆసక్తి కలగకపోతే, గ్రూపు మార్చుకోవడానికి గడువు ఎప్పటివరకు ఉందో ఇంట్లోవారితో కలిసి పాఠశాలలో వెంటనే కనుక్కోండి.