సంక్రాంతికి ఊరొచ్చే పిలకాయలు: పెద్దలు ముందే చూసుకోవాల్సినవి

సంక్రాంతి సెలవులు ఇవ్వగానే హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నుంచి నెల్లూరు, ఒంగోలు పల్లెలకు పిలకాయలు దిగుతారు. ఇంటినిండా జనం ఉన్నారు కదా, ఎవరో ఒకరు కనిపెట్టుకుంటార్లే అని అందరూ అనుకుంటారు. అసలు టెన్షన్ అక్కడే. పండగ మూడు రోజులూ పెద్దలు వంతులు వేసుకోండి. వంతు దిగేవాళ్లు "ఇక నువ్వు చూసుకో వదినా" అని నోటితో చెప్పి, ఆమె సరేనన్నాకే పక్కకు పోవాలి. వంతులో ఉన్నవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు.

రెండోది, పిల్లలకు పని చెప్పండి. "అటు పోవద్దు, ఇది ముట్టుకోవద్దు" అని రోజంతా అరిస్తే నాలుగేళ్ల పిల్లకు అటే పోబుద్ధవుతుంది. చేతిలో పని ఉంటే కాళ్లు కుదురుగా ఉంటాయి. పండగలో నేర్చుకునేదంతా కూడా ఆ పనుల్లోనే ఉంది.

భోగి పిడకలు పిల్లల చేతే చేయించి, ఎండాక దండ గుచ్చించండి. దండను మంటలో వేసేది మాత్రం మామయ్యో బాబాయో. మంటకు మూడు బారల అవతల పిల్లల చేతే ముగ్గుపిండితో గీత గీయించండి. తాము గీసిన గీతకు తామే కాపలా కాస్తారు, దాటిన పెద్దలనూ వదలరు. ఆ వేళకు ఒంటికి పట్టిన నూలు బట్టలు చాలు. నైలాన్ లేసుల గౌన్లు, పట్టు పావడాలు తలంటు అయ్యాక వేసుకోవచ్చు. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయకండి, ఆయాసం ఉన్న పిల్లలకు ఆ పొగ ప్రాణాంతకం కావచ్చు. మంట రాజుకోలేదని పెట్రోలు అసలే పోయవద్దు. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు.

వంటింట్లో అరిసెల పాకం కాగే నూనెకు తక్కువేమీ కాదు, ఒంటికి అంటుకుంటే వదలదు. పిల్లలను పొయ్యికి దూరంగా నీళ్ల పళ్లెం ముందు కూర్చోబెట్టండి. మీరు తెచ్చి వేసిన పాకం చుక్క ఉండ కట్టిందో లేదో చెప్పడం వాళ్ల పని.

భోగిపళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఎవరికీ భయం ఉండదు. రేగుపళ్లు, నానబెట్టిన శనగలు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు, అన్నీ చిన్న గొంతుకు సరిగ్గా అడ్డుపడే సైజులోనే ఉంటాయి. ఆ పళ్లు పోయించుకునేదేమో ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు. పోసే ముందు నాణేలు పెద్ద పిల్లల చేత లెక్కపెట్టించండి, ఏరాక మళ్లీ లెక్కపెట్టించండి. పదికి తొమ్మిదే తేలితే పదోది దొరికేదాకా చాప ఎత్తవద్దు. లెక్కలూ వస్తాయి, మీకూ నిశ్చింత. మూడేళ్ల లోపు వాళ్లకు బంతిపూల రేకులు పోసినా దిష్టి పోతుంది, అవ్వకు నచ్చజెప్పుకోండి. గొంతులో ఏదైనా అడ్డుపడి పిల్ల దగ్గలేక, ఏడవలేక ఉంటే ముందుకు వంచి వీపు మీద, రెండు రెక్కల మధ్య అరచేత్తో ఐదుసార్లు గట్టిగా తట్టండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనిపించని దానికోసం వేలు పెట్టి కెలకవద్దు, లోపలికి పోతుంది.

ముగ్గుల్లో ఎంత లెక్క ఉందో చూడండి. ఏడు సందు చుక్క నాలుగు వరకు అంటే మధ్యలో ఏడు, అటూ ఇటూ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం 37. చిన్నవాళ్లకు మూడు వరసల్లో మూడేసి చుక్కలు చాలు. రంగులు కళ్లలో పడితే నలపకుండా నీళ్లతో బాగా కడగండి.

పొలానికి తీసుకెళ్తే ఒక తమాషా చూపించవచ్చు. పంట ఇంటికొచ్చే పండగని పాఠంలో చదివి ఉంటారు, తీరా పెన్నా ఆయకట్టులో చాలాచోట్ల వరి ఇంకా పచ్చగానే ఉంటుంది. మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అందుకే కోత ఆలస్యం. కానీ దారిలో రొయ్యల గుంటలుంటాయి. గట్టు జారుడు, నీళ్లు లోతు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటు వైర్లు. చెయ్యి పట్టుకుని కూడా గట్టెక్కించవద్దు, రోడ్డు మీద నుంచే చూపించండి. ఒంగోలు, కందుకూరు వైపు మంచుకు తడిసిన పచ్చి పొగాకు ఆకు తాకనివ్వకండి. నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి వెళ్లి వాంతులు పట్టుకుంటాయి.

గాలిపటానికి నూలు దారమే కొనండి. సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. కరెంటు తీగకు చిక్కింది పోయినట్టే లెక్క, కర్రతో లాగే పని పెట్టుకోవద్దు.

కనుమ నాడు ఒంగోలు గిత్తలను ముస్తాబు చేస్తుంటే వాటి వెనక పిల్లలను నిలబెట్టవద్దు. మైపాడు, కొత్తపట్నం తీరానికి పోతే మడమలు తడిసేదాకానే, అదీ చెయ్యి పట్టుకునే. పోటు తగ్గాక తడి ఇసుకలో బుల్లి ఎండ్రకాయలు తమ బొరియల చుట్టూ ఆవగింజల్లాంటి ఇసుక ఉండలు పేర్చి ఉంటాయి, వాటిని చూపిస్తే అలల వైపు ధ్యాసే పోదు. నెల్లూరులో ఏటి పండగకు పెన్నా ఒడ్డున జనం కిక్కిరిసి ఉంటారు. గొబ్బెమ్మలను నీళ్లలో వదిలేది పెద్దవాళ్లే. బయలుదేరే ముందు ఫోన్ నంబరు రాసిన చీటీ ప్రతి పిల్ల జేబులో పెట్టి, ఆ రోజు వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి "అమ్మా" అనకుండా అమ్మ పేరు పెట్టి అరవమని నేర్పండి.