లిఫ్ట్ చేయని పాత జీపుకు టైరు, రిమ్ము కొలతలు ఎంచుకోవడం

విజయవాడ ఆటోనగర్‌కు పాత జీపును తీసుకువెళ్లి టైర్లు మార్చాలని అడిగితే, చాలాసార్లు మొదట వినిపించే సలహా వెడల్పాటి టైర్లు వేయమనే. వెడల్పాటి టైరు చూపుకు దర్జాగా ఉంటుందన్న మాట నిజమే. అయితే లిఫ్ట్ చేయకుండా, అంటే కమాన్ పట్టీల కింద దిమ్మలు పెట్టించకుండా, కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉంచుకున్న విల్లిస్ సీజే 3బీకి గాని, మహీంద్రా ఎంఎం 540కి గాని టైరును ఎంచేటప్పుడు ముందుగా చూడవలసింది ఎత్తు, ఆ తరువాత వెడల్పు, చివరికి రిమ్ము. ఈ వరుసను తలకిందులు చేసి, ముందు నచ్చిన రిమ్ములు కొని, వాటికి సరిపడే టైర్ల కోసం వెతికినవారు రెండుసార్లు డబ్బు ఖర్చు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఆ పొరపాటు నేనూ చేశాను.

ఈ జీపులకు మొదట వచ్చిన కొలత 6.00-16. ఇందులో 6.00 అనేది టైరు వెడల్పు, 16 అనేది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాలలోనే. పాతకాలపు నైలాన్ టైర్లలో పక్కగోడ ఎత్తు దాదాపు వెడల్పుతో సమానం కనుక, పదహారుకు రెండు ఆర్లు కలిపితే మొత్తం ఎత్తు సుమారు 28 అంగుళాలని తెలుస్తుంది. అదే లెక్కన 7.00-16 టైరు ముప్ఫై అంగుళాలకు చేరుతుంది. తరువాతి తరం రేడియల్ టైర్ల కొలతలను మరోలా చదవాలి. బొలెరోకు వచ్చే 215/75 ఆర్ 15లో వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 75 శాతం, రిమ్ము వ్యాసం 15 అంగుళాలు. లెక్క కడితే మొత్తం ఎత్తు 27.7 అంగుళాలు, అంటే అసలు టైరుకు చాలా దగ్గర. 235/75 ఆర్ 15 దాదాపు 28.9 అంగుళాలు. జిప్సీకి వచ్చిన 205/70 ఆర్ 15 మాత్రం 26.3 అంగుళాలే కనుక, జీపుకు వేస్తే ఇరుసు కింది ఖాళీ తగ్గిపోతుంది.

టైరు ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఇరుసు కింద లభించేది అర అంగుళమే, అదే సమయంలో మడ్‌గార్డు కింద పోయేదీ అర అంగుళమే. లిఫ్ట్ చేయని బండిలో ఈ రెండవ అర అంగుళమే కీలకం. పైగా నలభై ఏళ్ల కమాన్ పట్టీలు కుంగిపోయి ఉంటాయి, డ్రైవరు కూర్చునే కుడివైపు మరింతగా. అందువల్ల టైర్లు కొనడానికి ముందే బండిని చదునైన సిమెంటు నేల మీద నిలిపి, ఇరుసుకూ దాని పైనున్న రబ్బరు బంపరుకూ మధ్య దూరాన్ని నాలుగు చోట్లా టేపుతో కొలిచి రాసుకోవాలి. కుడికీ ఎడమకూ గణనీయమైన తేడా కనిపిస్తే, ముందు పట్టీలకు మరమ్మతు చేయించాలి. కుంగిన బండిపై తీసిన కొలతలతో టైరును నిర్ణయించడం వృథా.

తరువాతి పరీక్షకు కాస్త ఓపిక కావాలి, కాని ఇంతకంటే నమ్మదగినది నాకు తెలియదు. అనుకున్న కొలతలో ఒక్క టైరును దుకాణంలో బతిమాలి అయినా తెచ్చుకుని, ముందు చక్రానికి బిగించి, టైరు భుజం మీద, అంటే నేలను తాకే భాగం పక్కగోడను కలిసే అంచు మీద, తడి సున్నం పూయాలి. ఆ చక్రాన్ని ఒక గట్టు మీదికో దిమ్మ మీదికో ఎక్కించి, పట్టీలు పూర్తిగా అణిగేలా వెనుక నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగును కుడికీ ఎడమకూ చివరిదాకా తిప్పాలి. సున్నం ఎక్కడ అంటిందో చూస్తే చాలు: మడ్‌గార్డు అంచున అంటితే టైరు ఎత్తో, బయటికి పొడుచుకు రావడమో కారణం, పట్టీల మీద అంటితే చక్రం లోపలికి ఎక్కువగా వచ్చిందని అర్థం. ఈ పరీక్ష చేయకుండా నేను 31×10.50 ఆర్ 15, అంటే 31 అంగుళాల ఎత్తు, పదిన్నర అంగుళాల వెడల్పు ఉన్న టైర్లు వేయించుకుని, కొండపల్లి ఘాట్ దారిలో నలుగురిని ఎక్కించుకుని దిగుతుండగా, మడ్‌గార్డు అంచు కొత్త టైరు భుజాన్ని కత్తితో కోసినట్టు కోసింది. చదునైన నేలపై ఖాళీ బండిని చూసి తృప్తిపడటం వల్ల వచ్చిన నష్టం అది.

ఎత్తు మారితే బండి స్వభావమూ మారుతుంది. సీజే 3బీ ఇరుసుల నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇరుసును తిప్పే షాఫ్టు 5.38 సార్లు తిరగాలి. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే, ఆ నిష్పత్తి 4.86 అయినట్టే పనిచేస్తుంది. ఆ పాత ఇంజను మూడో గేరులో ఇంద్రకీలాద్రి దారిలాంటి ఎత్తు ఎక్కడానికి తడబడుతుంది, క్లచ్చు త్వరగా అరుగుతుంది. స్పీడోమీటరు 40 చూపినప్పుడు నిజంగా 44 కిలోమీటర్ల వేగంలో ఉంటారు. తొమ్మిది అంగుళాల డ్రమ్ము బ్రేకులకు పెద్ద చక్రాన్ని ఆపడం మరింత కష్టం. అందుకే నా అభిప్రాయంలో 6.00-16 లేదా 6.50-16 నిశ్చింతగా వాడదగినవి, 7.00-16 సున్నపు పరీక్షలో నెగ్గితేనే వాడదగినది, అంతకు మించినవి లిఫ్ట్ లేని బండికి తగవు.

వెడల్పు విషయంలో మన నేలను చూడాలి. తెనాలి, దుగ్గిరాల వైపు డొంకలలో వాన పడితే నల్లరేగడి బంకలా అంటుకుంటుంది. సన్నని టైరు, దూరదూరంగా ఉన్న గట్టి గుండీలతో ఉన్నది, పైపొర బంకను కోసుకుని కింది గట్టి నేలను పట్టుకుంటుంది. వెడల్పాటి టైరు ఆ బంక మీదనే తేలి జారుతుంది, కాలువకట్ట మీద అలా జారడం ప్రమాదం. సూర్యలంక ఇసుకలో మాత్రం వెడల్పు మేలు చేస్తుంది. సన్నని టైరుకైనా గాలి తగ్గిస్తే అక్కడ పని జరుగుతుంది. కాని ట్యూబు టైరులో గాలిని మరీ తగ్గించకూడదు, రిమ్ము మీద టైరు జారి, వాల్వు మొదలు దగ్గర ట్యూబు చిరిగిపోతుంది. పవర్ స్టీరింగు లేని జీపును విజయవాడ బీసెంట్ రోడ్డులాంటి ఇరుకు చోట నిలబెట్టి తిప్పవలసి వచ్చినప్పుడు కూడా సన్నని టైరు విలువ చేతులకు తెలుస్తుంది.

రిమ్ముల దగ్గరకు వస్తే, ఈ జీపులకు ఐదు స్టడ్లు, వాటి వలయ వ్యాసం, అంటే పీసీడీ, 139.7 మిల్లీమీటర్లు. జిప్సీ, బొలెరోలకూ అదే కొలత కనుక వాటి రిమ్ములు స్టడ్లకు సరిపోతాయి. అయినా మధ్య రంధ్రంలో ముందు హబ్బు పడుతుందో లేదో, రిమ్ము లోపలి గోడ స్టీరింగు రాడ్డుకు తగులుతుందో లేదో చూడకుండా కొనకూడదు. 6.00-16కు నాలుగున్నర అంగుళాల వెడల్పు రిమ్ము చాలు, 7.00-16కు ఐదున్నర అంగుళాలు మేలు, 235/75 ఆర్ 15కు కనీసం ఆరు అంగుళాలు ఉండాలి. రిమ్మును బయటికి నెట్టే కొద్దీ బేరింగు మీద, ముందు చక్రం మలుపు తిరిగే కీలైన కింగ్‌పిన్ను మీద బరువు పెరుగుతుంది. పాత రిమ్మును కోసి మధ్యలో పట్టీ వెల్డింగు చేసి వెడల్పు చేసినవి చౌకగా దొరుకుతాయి, వాటిని మాత్రం ఎవరూ కొనవద్దని కోరుతున్నాను. రెండవ ప్రపంచ యుద్ధం నాటి విల్లిస్ జీపుకు రెండు ముక్కలను నట్లతో కలిపిన రిమ్ములు ఉంటే, గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లను ముట్టుకోరాదు. తొందరపడితే ప్రాణం పోతుంది. పాత విల్లిస్‌లలో ఎడమవైపు స్టడ్లకు మర ఎదురు దిశలో ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి, లేకపోతే విప్పబోయి విరగ్గొడతారు.

నాలుగు టైర్లూ, వీలైతే స్టెప్నీ కూడా, ఒకే కంపెనీ, ఒకే కొలత, ఒకే రకం కావాలి. ముందు ఇరుసు కలిపి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందేలా నడిపినప్పుడు చక్రాల చుట్టుకొలతలో తేడా ఉంటే గేరు పెట్టెలో బిగువు పేరుకుంటుంది. నైలాన్, రేడియల్ టైర్లను కలిపి వాడకూడదు. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. అరలో ఏళ్ల తరబడి ఎండిన టైరు కొత్తదిగా కనిపించినా కొనకండి. రిజిస్ట్రేషను పత్రంలోని నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది కనుక, అసలు కొలతకు దగ్గరగా ఉండటం చట్టపరంగానూ క్షేమం.

బిగించిన తరువాత వంద కిలోమీటర్లు తిరిగి, నట్లను మళ్లీ బిగించి, సున్నం కొత్తగా పూసి, ఈసారి కట్ట దారిలో నడిపి ఎక్కడైనా అంటిందేమో మరోసారి చూడాలి.