కాంతితో ఎలక్ట్రానిక్స్ – 4వ పాఠం: ఎల్‌ఈడీ వెలుగును పట్టగలదా?

గత పాఠంలో పిల్లల చేత ఎల్‌ఈడీ వెలిగించాం. ఈసారి అదే ఎల్‌ఈడీకి బ్యాటరీ తీసేసి, దాని మీదే వెలుగు వేద్దాం.

కావలసినవి: ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు రెండేసి, 1.5 వోల్టుల సెల్స్ మూడు, 220 ఓముల రెసిస్టర్లు (కరెంటును అదుపులో ఉంచేవి) రెండు, మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే మీటర్), నల్ల కాగితం. ఎల్‌ఈడీల పైగుల్ల రంగు లేకుండా గాజులా పారదర్శకంగా ఉండాలి. రంగు ప్లాస్టిక్ అయితే అదే వెలుగును అడ్డుకుంటుంది, ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు.

మల్టీమీటర్‌ను డీసీ 2 వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ఎల్‌ఈడీ పొడవు కాలికి మీటర్ ఎర్ర ప్రోబ్ (కొలిచే తీగ), పొట్టి కాలికి నల్ల ప్రోబ్ తగిలించండి. నల్ల కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులో ఈ ఎల్‌ఈడీని ఒక చివర, సెల్స్‌తో వెలిగే ఆకుపచ్చ ఎల్‌ఈడీని రెండో చివర ఎదురెదురుగా దూర్చండి. వెలిగించే ప్రతి ఎల్‌ఈడీకీ విడిగా ఒక రెసిస్టర్ ఉండాలి. మీటర్‌లో వోల్టేజి కనిపిస్తుంది. బాగా దగ్గరగా జరిపితే 1 వోల్టు దాటవచ్చు. చవక మీటర్లలో అంకె తగ్గుతుంది, ఫర్వాలేదు.

ఇప్పుడు తారుమారు చేయాలి. ఆకుపచ్చ ఎల్‌ఈడీ మీటర్‌కు, ఎరుపు సెల్స్‌కు. ఆగండి, ఇంకా స్విచ్ వేయొద్దు. ఏం వస్తుందో ముందు ప్రతి ఒక్కరి చేతా నోట్‌బుక్‌లో రాయించండి. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఊహ రాసుకోని పిల్లలు మీటర్ చూపించినదానికల్లా తలూపుతారు.

మీటర్ దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. "వెలుగు చాలలేదు సార్" అంటారు. మంచి మాట, పరీక్షించనివ్వండి. రెండో ఎర్ర ఎల్‌ఈడీ కూడా పక్కన చేర్చమనండి. వెలుగు రెట్టింపయినా అంకె లేవదు. కారణం అప్పుడు చెప్పండి, అంతకుముందు వద్దు. కాంతి శక్తిని చిన్న చిన్న పొట్లాలుగా మోసుకొస్తుంది. ఎరుపు తరంగదైర్ఘ్యం సుమారు 630 నానోమీటర్లు, ఆకుపచ్చది సుమారు 525. తరంగం పొడవైన కొద్దీ ఒక్కో పొట్లంలో శక్తి తక్కువ. ఆకుపచ్చ ఎల్‌ఈడీలోని ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి ఒక ఎర్ర పొట్లం చాలదు, ఎన్ని వచ్చి పడినా విడివిడిగానే పడతాయి. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిన ఆలోచన ఇదే, ఏడో తరగతి పిల్లల చేతుల్లోనే తేలిపోతుంది!

లేజర్ పాయింటర్ మాత్రం తేనివ్వకండి, కళ్లకు ప్రమాదం.

ఇంటిపని: నీలం ఎల్‌ఈడీ కూడా కలిపి తొమ్మిది జతల పట్టిక. ముందు ఊహ, తర్వాత కొలత. ఒకే రంగు జతల దగ్గర అంకెలు ఒక్కో సెట్టులో ఒక్కోలా రావచ్చు. వాటిని కొట్టేయకుండా అలాగే రాయించండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.