డాల్‌మైర్‌ని నలుగురూ కలిసి చదవాలంటే

రాజనీతి తత్వవేత్త ఫ్రెడ్ డాల్‌మైర్ 1996లో తెచ్చిన ‘బియాండ్ ఓరియంటలిజం’లో మొదటి వ్యాసం ఒక్కటి చాలు. రెండు సంస్కృతులు ఎదురుపడితే ఏమేం జరగొచ్చో వరుసగా చెబుతాడు: ఆక్రమణ, మతమార్పిడి, తనలో కలిపేసుకోవడం, అరువు తెచ్చుకోవడం, ఇంకా సంభాషణ. ఐదారుగురు, గంటన్నర, మూడు నాలుగు పేజీల జిరాక్సు. మనుషులు పెరిగితే చర్చ కాస్తా ఉపన్యాసమైపోతుంది. యూనివర్సిటీ ఉన్న మన తిరుపతిలో ఉపన్యాసాలకు కొరత లేదు.

చదవకముందే అందరూ సంస్కృతులు ఎదురుపడటం అనే ఆ విషయం మీద తమ అభిప్రాయాన్ని రెండు వాక్యాల్లో రాసి, మడిచి పెట్టుకోవాలి. ఇది మాత్రం దాటేయకండి. డాల్‌మైర్‌కి దారి చూపిన జర్మన్ తత్వవేత్త గాడమర్ 1960లోనే చెప్పాడు, ముందస్తు అభిప్రాయాలు లేకుండా ఎవరూ దేన్నీ అర్థం చేసుకోలేరని. వాటిని దాచకుండా పాఠం ముందు పరీక్షకు పెట్టాలి.

తర్వాత ఒకరు పేరా పైకి చదివితే, పక్కవారు రచయిత విన్నా తల ఊపేలా దాన్ని సొంత మాటల్లో చెప్పాలి. విమర్శ ఆ తర్వాతే.

బెడిసికొట్టేది ఎక్కడంటే, ‘అన్నీ ఒకటే కదండీ’ అని ఎవరో తేల్చేసినప్పుడు. తేడా పోతే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. వెంటనే గట్టి ఉదాహరణ పెట్టండి: తిరుపతి లూథరన్ మిషన్ స్కూల్లో చదివిన రాధాకృష్ణన్ పాశ్చాత్యులకు వేదాంతం వివరించిన తీరు పై వరుసలో దేని కిందికి వస్తుంది? అరువా, సంభాషణా? తగువు పడనివ్వండి.

చివరి పది నిమిషాల్లో మడిచిన కాగితాలు తీసి, ఇప్పుడు ఒప్పుకోని మాట కింద గీత గీయాలి. ఒక్క గీతా పడలేదంటే పాఠం మరీ తేలికైందన్నమాట. ఈసారి అదే పుస్తకంలో, భారతీయ తత్వశాస్త్రాన్ని పరిశోధించిన జర్మన్ పండితుడు హాల్బ్‌ఫాస్‌ మీది వ్యాసం పట్టండి.